పాత గడియారం కోడ్ తీసేస్తే బడిలో కంప్యూటర్లు ఆగిపోవు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో రాయగడ జిల్లా నుంచి ఒక మాస్టారు రాసిన లేఖ చదివాను. లినక్స్ అనే ఉచిత కంప్యూటరు వ్యవస్థకు గుండెకాయ లాంటి ప్రోగ్రాము, అంటే లినక్స్ కెర్నెల్‌లోంచి పాతకాలపు టైము లెక్కల కోడ్ తీసేస్తున్నారని తెలిసి ఆయన చాలా బాధపడ్డారు. ఇదంతా పెద్ద కంపెనీల పన్నాగమని, బళ్లలో ఉన్న పాత కంప్యూటర్లను మూలన పడేయించి కొత్తవి అంటగట్టడానికేనని రాశారు. ఆ బాధ నాకు తెలుసు. మన సరిహద్దు జిల్లాల బళ్లకు వచ్చే కంప్యూటర్లు చాలావరకు ఎక్కడో ఎవరో వాడి వదిలేసినవే. కానీ మాస్టారి కోపం తగలాల్సిన వాళ్లకి కాకుండా మంచి పని చేసినవాళ్లకి తగిలింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నాది ఒడిశాలోని జయపురం. మా ఆయన లారీలు తూచే వేబ్రిడ్జిలు, ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తారు. కాటా గదిలో ఉండే కంప్యూటరు, చీటీ ప్రింటరు, గేటు దగ్గర వేలిముద్ర మిషను, కెమెరాల రికార్డింగులు దాచే డీవీఆర్, ఇవన్నీ నా వాటా. కొరాపుట్, నవరంగపూర్ వైపు రైసు మిల్లులు, గోదాములే మాకు అన్నం పెట్టేవి. కాబట్టి కెర్నెల్, తేదీ, టైము అనేవి నాకు పేపర్లో చదువుకునే కబుర్లు కావు. తేదీ తప్పితే ముందు నాకే ఫోనొస్తుంది.

అసలు తీసేసింది ఏమిటో ముందు చెప్తాను. పాత పీసీలో ఒక టైమర్ చిప్ ఉండేది. అది సెకనుకు 100 సార్లు ప్రాసెసర్‌ను తట్టి లేపేది. లేపినప్పుడల్లా కెర్నెల్ తన లెక్కకు ఒకటి కలుపుకునేది. ఆ లెక్కను జిఫీస్ అంటారు. అయితే ఒక తట్టుకీ ఇంకో తట్టుకీ మధ్య సెకనులో వందో వంతు గడిచిపోతుంది. ఆ మధ్యలో ఏ ప్రోగ్రామైనా టైమెంతని అడిగితే ఏం చెప్పాలి? అందుకని చిప్‌లోకి తొంగిచూసి, పోయినసారి తట్టిన దగ్గర్నుంచి ఇంతసేపైందని లెక్కకట్టే చిన్న రొటీన్లు రాసుకున్నారు. చిక్కేమిటంటే అవి ఒక్కో రకం మిషనుకు ఒక్కోటి. ఇంటెల్‌కు ఒకటి, మోటరోలా 68000 జాతికి ఒకటి, ఆర్మ్ బోర్డుల్లో తలా ఒకటి. ఒకదాంట్లో తప్పు దిద్దితే పక్కదాంట్లో అది అలాగే ఉండిపోయేది.

1993లో వచ్చిన పెంటియంతో ప్రాసెసర్ లోపలే ఆగకుండా నడిచే కౌంటరు వచ్చింది. మిగతా జాతులకు కూడా మెల్లగా అలాంటివే వచ్చాయి. 2006లో, 2.6.18 కెర్నెల్‌తో, కెర్నెల్ రాసేవాళ్లలో ఒకరైన జాన్ స్టల్ట్స్ రాసిన ఉమ్మడి పద్ధతి మొదలైంది. ఏ బోర్డువాళ్లైనా తమ దగ్గరున్న కౌంటరును చూపిస్తే చాలు, మిగతా లెక్కంతా ఒకే చోట జరుగుతుంది. అయినా పాత రొటీన్లు కొన్ని మూలల్లో ఏళ్ల తరబడి ఉండిపోయాయి. కెర్నెల్ రాసే ఇంకొకాయన, ఆర్ండ్ బెర్గ్‌మన్, వాటిని ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నారు. ఇంకా మనుషులు వాడుతున్న మిషన్లను ఆయనా, తోటివాళ్లూ కొత్త పద్ధతికి మార్చారు. వాడేవాళ్లు దాదాపు మిగలని బోర్డును, అంటే 1990ల నాటి ఈబీఎస్‌ఏ-110 లాంటిదాన్ని, తీసేశారు. 2021 ఫిబ్రవరిలో విడుదలైన 5.11తో ఆ పాత దారి మూసుకుపోయింది. మాస్టారూ, వాడుతున్నవాటిని వదిలేయలేదు, మార్చి మరీ ఉంచారు. ఆ తేడా మీరు చదివిన వార్తలో చెప్పి ఉండరు, మీరు ఇంకోలా అనుకున్నారు.

పీసీల సంగతికొస్తే, పెంటియం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లలో 386ను 2013లో, 3.8 కెర్నెల్‌తో తీసేశారు. 486ను కూడా తీసేద్దామని 2025లో ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పుల ప్రతిపాదనలు, వచ్చాయి. పెంటియంలో వచ్చిందన్నానే, ఆ కౌంటరు మామూలు 486లో ఉండదు. అది లేని చిప్ కోసం కెర్నెల్ అప్పటిదాకా ప్రత్యేకం లెక్కలు మోస్తూ వచ్చింది. మీ బడిలో నిజంగా 486 నడుస్తుంటే చెప్పండి, దాన్ని చూడటానికే రాయగడ వస్తాను.

వాడని కోడ్ ఉంటే నష్టమేమిటి, ఓ మూలన పడి ఉంటుంది కదా అనొచ్చు. పెరట్లో వాడని బావి కూడా ఓ మూలనే పడి ఉంటుంది. నీళ్లు తోడేవాళ్లు ఉండరు గానీ చీకట్లో పడేవాళ్లు ఉంటారు. 2012 జూలై 1 ఆదివారం, మన టైములో తెల్లవారుజామున 5:30కి ముందు, ప్రపంచ గడియారానికి ఒక సెకను అదనంగా కలిపారు. భూమి తిరగడంలో తేడా సర్దడానికి 1972 నుంచి అప్పుడప్పుడు అలా కలుపుతున్నారు. ఆ సెకనును సర్దే కోడ్ లినక్స్‌లో ఉంది కానీ అది కొన్నేళ్లకోసారే పనిచేస్తుంది. ఎప్పుడో తప్ప నడవని కోడ్ కాబట్టి అందులో పురుగు, అంటే తప్పు, ఉన్నట్టు ఎవరూ గమనించలేదు. ఆ రోజు చాలా దేశాల్లో సర్వర్లు ప్రాసెసర్‌ను నూటికి నూరు శాతం తినేస్తూ బిగుసుకుపోయాయి. మందు వింటే నవ్వొస్తుంది. అప్పుడు ఏ తేదీ, ఏ టైము ఉందో అదే మళ్లీ సెట్ చేస్తే సర్దుకున్నాయి. అసలు 2035 నాటికి ఈ అదనపు సెకన్ల పద్ధతికే స్వస్తి చెప్పాలని 2022లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ తీర్మానించింది. దాని వెనకే ఆ కోడ్ కూడా ఏదో ఒకనాడు పోతుంది. పోతే నేనేమీ ఏడవను.

ఇక 2038 సంగతి, అంటే ఆ ఏడాది పాత కంప్యూటర్ల తేదీ లెక్క నిండిపోయే సంగతి. మాస్టారు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశారు గానీ నాకు ముఖ్యమైనది ఇదే.

డిసెంబరులో, ధాన్యం సీజను మంచి ఊపులో ఉండగా, ఒక మిల్లు గుమాస్తా కంగారుగా ఫోన్ చేశాడు. వెళ్లేసరికి కాటా మీద విజయనగరం పోవాల్సిన లారీ ఆగి ఉంది. డ్రైవరు చేతిలో చీటీ. బండి నెంబరు సరిగ్గానే ఉంది. గ్రాస్, టేర్, నెట్, అంటే మొత్తం బరువు, ఖాళీ బండి బరువు, సరుకు బరువు, మూడూ సరిగ్గానే ఉన్నాయి. తేదీ దగ్గర మాత్రం 01-01-1970, 05:34 అని కొట్టింది. "అమ్మా, నేను పుట్టకముందే లోడెత్తానని రాసిచ్చారు, చెక్‌పోస్టులో ఏం చెప్పుకోను?" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు, గుమాస్తా తప్ప. వెనక పది బళ్లు బారు కట్టి ఉన్నాయి, అతనికి టెన్షన్.

ఆ కాటా గదిలో పీసీ లేదు. లినక్స్ నడిచే అరచేతి పెట్టె ఒకటి ఉంది. దానిలోని బిళ్ల బ్యాటరీ అయిపోయింది. రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఇంటర్నెట్ ఉంటే టైము అక్కడి నుంచి తెచ్చుకునేది, అది కూడా లేదు. అలాంటప్పుడు దాని లెక్క సున్నా దగ్గర మొదలవుతుంది. లినక్స్‌తో సహా యునిక్స్ జాతి కంప్యూటర్లన్నిటికీ సున్నా అంటే 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి. మనకప్పుడు ఉదయం 5:30. పెట్టె ఆన్ అయిన నాలుగు నిమిషాలకు చీటీ కొట్టారు కాబట్టి 05:34. బ్యాటరీ మార్చి టైము పెట్టాక లారీ కదిలింది. నా పనిలో సగం ఇదే. మిగతా సగం ఫ్యాను మీద దుమ్ము దులపడం.

ఆ సున్నా దగ్గర్నుంచి గడిచిన సెకన్లను కంప్యూటరు ఒక అంకెగా దాచుకుంటుంది. పాత 32 బిట్ పద్ధతిలో, అంటే అంకెను 32 సున్నా-ఒకట్లలో దాచే పద్ధతిలో, ఆ గడిలో పట్టే పెద్ద అంకె 2,14,74,83,647. అది 2038 జనవరి 19 మంగళవారం, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. మర్నాటికి కాదు, మరుసటి సెకనుకే లెక్క తిరగబడి, 1970కి వెనక అంతే దూరం, అంటే 1901కి పోతుంది. జనవరి మూడో వారం అంటే మాకు కాటాల దగ్గర లారీలు నిలబడే రోజులు.

కెర్నెల్‌లో ఈ రోగానికి మందు ఎప్పుడో పడింది. 2019లో వచ్చిన 5.1లో టైము అడగడానికి 64 బిట్ దారులు పెట్టారు. 2020 మార్చిలో వచ్చిన 5.6 నాటికి 32 బిట్ మిషన్ల మీద కూడా కెర్నెల్ 2038 దాటి నడిచేలా అయ్యింది. లోపల వాడే పాత 32 బిట్ టైము రకాలను ఏరి పారేశారు. ఈ ఏరివేతకు కూడా ముందున్నది బెర్గ్‌మన్ గారే. పాత రకం అక్కడే ఉంటే ఎవరో ఒకరు తెలియక మళ్లీ వాడతారు, అందుకని తీసేశారు. అయితే బయటి ప్రోగ్రాములు పాత పద్ధతిలో టైము అడిగితే జవాబిచ్చే దారిని మాత్రం ఉంచారు. నడుస్తున్న ప్రోగ్రామును కెర్నెల్ మార్పు చెడగొట్టకూడదన్నది లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మొదట్నుంచీ పట్టుబట్టే నియమం. పన్నాగం పన్నేవాళ్లు ఇంత జాగ్రత్త పడతారా?

మరి మాస్టారి బాధలో న్యాయం లేదా అంటే, ఉంది. ఆయన చెప్పిన చోట లేదు, అంతే. మొన్న ఒక గోదాము గేటు దగ్గర వేలిముద్ర మిషను ఖాళీగా ఉంటే, హాజరు డేటా పక్కకు తీసిపెట్టుకుని, యజమానిని అడిగి, దాని తేదీని 2038 జనవరి 19కి, టైమును 8:43కి జరిపి కూర్చున్నాను. 8:44:07 వరకు బుద్ధిగా నడిచింది. తర్వాత తెర మీద 1901 డిసెంబరు 14, తెల్లవారుజామున 2:07 అని పడింది. యజమాని వేలు పెట్టి చూశాడు. ఆయన 1901లో డ్యూటీకి వచ్చినట్టు నమోదైంది. మిషను లోపల 2.6 నాటి కెర్నెల్. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే, "దానికిక ఫర్మ్‌వేర్ రాదు మేడమ్, కొత్త మోడల్ తీసుకోండి" అన్నారు. కొని ఎంతో కాలం కాలేదని ఆయన మొత్తుకున్నా అదే మాట.

ఇదీ మూలన పడేయించడం అంటే. మందు 2020 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పెట్టెకు తాళం వేసి ఆ మందు లోపలికి పోకుండా చేసింది కెర్నెల్ రాసేవాళ్లు కాదు, పెట్టె అమ్మినవాళ్లు.

ఇక్కడ చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆ 2:07 చూసి మా అబ్బాయి అడిగాడు, గ్రీనిచ్ టైముకు ఐదున్నర గంటలు కలిపితే 2:15 కదా రావాలి, ఎనిమిది నిమిషాల పైచిలుకు ఎటు పోయిందని. అదెక్కడికీ పోలేదు. 1901లో మనకు ఇప్పటి భారత ప్రామాణిక కాలం లేదు, అది 1906 జనవరి 1న మొదలైంది. కంప్యూటర్లలో దేశదేశాల టైముల పట్టిక ఒకటి ఉంటుంది. మన దేశం వరుసలో 1906కు ముందు గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాల 10 సెకన్ల తేడాతో మద్రాసు టైము రాసి ఉంటుంది. అందుకే 2:07. కెర్నెల్‌కు ఈ ఊళ్లు, దేశాలు ఏమీ పట్టవు, సెకన్లు లెక్కపెట్టడమే దాని పని. చరిత్ర పట్టికలో ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపడం లేదు. ఇంకో మాట. మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం అనగానే పుస్తకాల్లో మీర్జాపూర్ పేరు చెప్తారు గానీ, ఆ గీత కిందికి దిగుతూ మా జయపురానికి కాస్త పడమరగా, కోట్‌పాడ్‌కు ఇటువైపుగా పోతుంది. మా ఊరి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

సరే, ఏం చేయాలి? కెర్నెల్ రాసేవాళ్ల దగ్గర ఒక మంచి తెలివి ఉంది. ఇందాక చెప్పిన జిఫీస్ లెక్క కూడా 32 బిట్ మిషన్లలో నిండి తిరగబడేదే. సెకనుకు 1000 చొప్పున లెక్కిస్తే దాదాపు 50 రోజులకు, 100 చొప్పున అయితే 497 రోజులకు నిండుతుంది. అంతకాలం ఆపకుండా నడిపి పరీక్ష చేసే ఓపిక ఎవరికుంటుంది? అందుకని లెక్కను సున్నా దగ్గర కాకుండా, నిండటానికి ఐదు నిమిషాల ముందు మొదలుపెట్టారు. దాంతో తిరగబడటం వల్ల వచ్చే తప్పులేవైనా ఉంటే మిషను ఆన్ చేసిన ఐదు నిమిషాల్లోనే, రాసినవాడి బల్ల మీదే బయటపడతాయి. రైతు ముందు, డ్రైవరు ముందు కాదు.

మనం కూడా అదే చేయొచ్చు. వేబ్రిడ్జికి తూనికలు కొలతల శాఖవాళ్లు ఏటా ముద్ర వేస్తారు. పరీక్ష బరువులు పెట్టి, నాలుగు మూలలా చూసి, తేడా ఉంటే ముద్ర వేయకుండా పోతారు. మా ఆయనకు ఆ రోజు అన్నం సయించదు. అంత కట్టుదిట్టంగా తూకం చూస్తారు గానీ, అదే చీటీ మీద పడే తేదీని చూసే పద్ధతి నాకెక్కడా కనపడలేదు. తగువు వచ్చినప్పుడు చీటీలో బరువుతో పాటు తేదీ కూడా సాక్ష్యమే కదా. ముద్ర వేసే రోజునే తేదీని 2038 జనవరి 19, 8:43కి జరిపి ఐదు నిమిషాలు చూడమనండి. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమనండి, ఎందుకంటే కొన్ని పెట్టెలు నడుస్తున్నంతసేపు బాగానే ఉండి, బ్యాటరీ గడియారం నుంచి తేదీ తిరిగి చదివేటప్పుడు తప్పుతాయి. తర్వాత మామూలు తేదీకి తెచ్చి మర్చిపోవచ్చు.

ప్రభుత్వ కొనుగోళ్లలో అయితే ఇది ఇంకా తేలిక. ధాన్యం కొనే సంఘాలు, హాస్టళ్లు, ఆస్పత్రులు మిషన్లు కొనేటప్పుడు టెండరులో రెండు షరతులు చేర్చాలి. సరుకు దించిన రోజే ఈ తేదీ పరీక్ష జరగాలి, తప్పితే బిల్లు ఆగాలి. ఇంకోటి, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజు ఆ పెట్టె తాళం తీసి ఇవ్వాలి, మా బోటివాళ్లం కొత్త కెర్నెల్ ఎక్కించుకుంటాం. 2038కి ఇంకా పన్నెండేళ్ల లోపే ఉంది. ఇప్పుడు బిగించే వేబ్రిడ్జి పదిహేనేళ్లు నడవాలని ఏ మిల్లు యజమానికి ఉండదు? అప్పటికి చూసుకుందాంలే అనేవాళ్లకు ఒక మాట. తేదీ లెక్కలు ముందుకు కూడా వేస్తారు. ఇరవై ఏళ్ల వాయిదాల అప్పు పత్రం ఈ రోజు పాత 32 బిట్ ప్రోగ్రాములో వేస్తే చివరి వాయిదా ఈ రోజే తప్పుగా పడుతుంది, 2038 దాకా ఆగదు.

ఈ పరీక్ష ఇంట్లోనో కొట్లోనో చేసేవాళ్లు డేటా పక్కకు తీసిపెట్టుకోకుండా చేయొద్దు. తేదీ ముందుకు జరిగితే కొన్ని డీవీఆర్‌లు పాత రికార్డింగులు గడువు తీరిపోయాయనుకుని చెరిపేస్తాయి.

చివరిగా, మాస్టారి బడి సంగతి. అయ్యా, ఆ కంప్యూటర్లను ఎవరికీ ఇచ్చేయకండి. అవి కోర్ 2 డ్యుయో కాలం నాటివైతే వాటి ప్రాసెసర్లు 64 బిట్‌వే. పైన 32 బిట్ విండోస్ వేసి ఇచ్చి ఉంటారు, అందుకే అందరూ 32 బిట్ మిషన్లనుకుంటారు. 64 బిట్ లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేసి చూడండి. బూట్ అయితే మీకు 2038 బెంగ లేదు, లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 13 కూడా వేసుకోవచ్చు. ర్యామ్ తక్కువుంటే తేలికపాటి డెస్క్‌టాప్ ఎంచుకోండి. ప్రాసెసర్ 64 బిట్‌ది కాదని తెర మీద చెప్పి ఆగిపోతే అది నిజంగానే 32 బిట్‌ది. డెబియన్ 13లో అలాంటి పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు గానీ డెబియన్ 12 ఎక్కుతుంది, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి, ప్రోగ్రాములు రాసుకోవడానికి అది చాలు. దాన్ని ఇంటర్నెట్‌కు మాత్రం దూరంగా ఉంచండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ తప్పుతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్చాలి. సీఆర్2032 అని అడిగితే వాచీ కొట్లో ఇస్తారు. పవర్ తీగ గోడ నుంచి పీకాకే మార్చండి, అక్షరాలున్న వైపు పైకి ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా